కోన్యిత్స్ కొండపల్లెలో మామగారి భూమి: వారసుల పేరు మీదికి మార్చుకున్న నా అనుభవం

మా మామగారు కాలం చేసిన తరువాత, బోస్నియాలో ఆయన పేరున ఉన్న పొలమూ, రేగుపళ్ళంత నుంచి నిమ్మకాయంత దాకా రకరకాల ప్లమ్ పళ్ళు కాసే తోటా, ఇల్లూ వారసుల పేరు మీదికి మార్పించే పని నా చేతికి వచ్చింది. మా వారికి వియన్నాలోని ఉద్యోగంలో సెలవు దొరికే పరిస్థితి లేదు. అక్కడి చట్టం ప్రకారం భర్త తరఫున భార్య ప్రతినిధిగా హాజరు కావచ్చు కాబట్టి, గుంటూరు జిల్లాలో పుట్టి, అత్తగారితో మాట్లాడడం కోసమే బోస్నియన్ భాష నేర్చుకున్న నేను, ఒక అధికార పత్రం పట్టుకుని కోన్యిత్స్ ప్రయాణమయ్యాను. బయటి దేశాల్లో స్థిరపడి, అత్తవారి వైపునో పుట్టింటి వైపునో ఇటువంటి పని నెత్తిన పడే తెలుగువారు ఇప్పుడు తక్కువేమీ కాదు. అందుకని ఈ పని నడిచిన తీరును కొంత వివరంగానే రాస్తున్నాను.

కోన్యిత్స్ సరాయేవో నుంచి మోస్తార్ వెళ్ళే దారిలో, ఇవాన్ కనుమ దిగిన తరువాత నెరెత్వా నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 1682లో కట్టిన రాతి వంతెనను 1945లో వెనక్కు మళ్ళుతున్న జర్మన్ సైన్యం పేల్చివేయగా, 2009లో దానిని పాత రూపంలోనే మళ్ళీ కట్టారు. ఈ ఊరి చెక్కపని 2017లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. యుగోస్లావియా నేత టిటో కాలంలో ఇరవై ఆరేళ్ళ పాటు రహస్యంగా తవ్విన అణుదాడి ఆశ్రయం కూడా ఈ ఊరి పక్క కొండలోనే ఉంది. పర్యాటకులు వీటిని చూసి సాయంత్రానికి మోస్తార్ వెళ్ళిపోతారు. భూమి పని మీద వచ్చినవాళ్ళకు మాత్రం పట్టణం కంటే దాని చుట్టూ ఉన్న పల్లెలే ముఖ్యం. ఆ పల్లెలన్నీ ప్రేన్య్, బ్యెలాష్నిత్సా కొండల వాలుల్లోనూ, నెరెత్వాలో కలిసే చిన్న చిన్న ఏళ్ళ లోయల్లోనూ చెదిరి ఉంటాయి. మా మామగారిది నెరెత్విత్సా అనే ఏటి లోయలో, బుతురోవిచ్ పోలే దాటాక వచ్చే ఒక చిన్న పల్లె. ఈ ఏటి మీద వరుసగా చిన్న జలవిద్యుత్ కేంద్రాలు కడతామని వచ్చినప్పుడు అక్కడి జనం రోడ్డు మీద కూర్చుని అడ్డుకున్నారు. ఆ లోయవాళ్ళు నీళ్ళ విషయంలోనూ నేల విషయంలోనూ ఎంత పట్టుదల గలవారో నాకు అంతకుముందే అలా తెలుసు.

ఈ ప్రాంతపు భూమి పత్రాలు ఎందుకు అంత చిక్కుగా ఉంటాయో చెప్పాలంటే రెండు సంగతులు చెప్పాలి. మొదటిది మనుషులు వెళ్ళిపోవడం. 1991 జనాభా లెక్కల్లో కోన్యిత్స్ మునిసిపాలిటీలో దాదాపు నలభై నాలుగు వేల మంది ఉండగా, 2013 నాటికి పాతికవేల చిల్లర మిగిలారు. 1991లో సగానికి కొద్దిగా ఎక్కువగా ఉన్న బోస్నియాకులు, అంటే బోస్నియా ముస్లింలు, 2013 నాటికి పదింట తొమ్మిది వంతులయ్యారు. సెర్బులు, క్రోట్‌లు చాలావరకు వెళ్ళిపోయారు. 1992-95 నాటి బోస్నియా యుద్ధంలో ఇక్కడ ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. ఈ మునిసిపాలిటీలోనే ఉన్న చెలెబిచి శిబిరంలో సెర్బు బందీల మీద జరిగిన నేరాలకు యుగోస్లావియా యుద్ధనేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్ 1998లో శిక్షలు వేసింది. బోస్నియాకులు కూడా వేల సంఖ్యలో ఆస్ట్రియాకు, జర్మనీకి, స్వీడన్‌కు వెళ్ళారు. మా వారు అలా పిల్లవాడిగా వియన్నా చేరినవారే. కనుక ఏ పొలం హద్దు తేల్చాలన్నా గట్టు అవతలి మనిషి జాగ్రెబ్‌లోనో, బెల్‌గ్రేడ్‌లోనో, మాల్మోలోనో ఉంటాడు.

రెండో సంగతి, ఒకే భూమికి రెండు పుస్తకాలు ఉండడం. 1878లో ఆస్ట్రియా-హంగరీ ఈ దేశాన్ని ఆక్రమించాక, 1880 నుంచి 1884 దాకా దేశమంతా కొలిచి పటాలు గీయించింది. ఆ పటాల మీద ఆధారపడి, ఎవరి భూమి ఎవరిదో రాసే భూమి పుస్తకం మొదలైంది. దానిని ఇప్పటికీ జనం గ్రుంటోవ్నిత్సా అంటారు. ఇది కోర్టులో ఉంటుంది, యాజమాన్యాన్ని చెబుతుంది. రెండోది కటస్తర్. ఇది మునిసిపాలిటీలో ఉంటుంది. నేల ఎవరి అనుభవంలో ఉందో, అందులో ఏముందో, ఎంత విస్తీర్ణమో చెబుతుంది. మన అడంగల్‌లో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి ఉండి, రెండింటిలో రెండు పేర్లు ఉంటే ఏమవుతుందో తెలిసినవారికి ఈ వ్యవహారం వెంటనే బోధపడుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ రెండు గడులు రెండు వేర్వేరు కార్యాలయాల్లో, రెండు వేర్వేరు కొలతల మీద, రెండు వేర్వేరు నంబర్లతో ఉన్నాయి. పాత ఆస్ట్రియా కొలత ప్రకారం ఒక సర్వే నంబరు; రెండో ప్రపంచ యుద్ధం తరువాత విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలతో చేసిన కొత్త కొలత ప్రకారం ఇంకొక నంబరు. పాత నంబరులోని ఫలానా ముక్కే కొత్త నంబరులోని ఫలానా ముక్క అని ధ్రువీకరించే కాగితాన్ని కటస్తర్ నుంచి విడిగా తెచ్చుకోవాలి. అది లేనిదే మిగతా పని ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు.

మొదట చేయవలసిన పని తేలికైనదే. మరణం నమోదైన తరువాత, నమోదు అధికారి కుటుంబ సభ్యులను అడిగి ఒక పత్రం నింపుతారు. పోయినవారికి ఎవరెవరు ఉన్నారు, ఎక్కడెక్కడ ఉన్నారు, ఆస్తి ఏమిటి, వీలునామా ఉందా అన్న వివరాలు అందులో ఉంటాయి. అది కోర్టుకు వెళుతుంది. కోర్టు ఆ వారసత్వ విచారణను ఒక నోటరీకి అప్పగిస్తుంది. ఇక్కడి నోటరీ మన కచేరీల ముందు ముద్ర వేసి పంపించే నోటరీ కాదు. న్యాయశాస్త్రం చదివి, పరీక్ష రాసి, కోర్టు తరఫున విచారణ నడిపే అధికారం ఉన్న వ్యక్తి. ఆయన వారసులందరికీ తాఖీదులు పంపి, ఒక రోజు నిర్ణయించి, అందరినీ కూర్చోబెట్టి వాంగ్మూలాలు తీసుకుంటారు. విదేశాల్లో ఉన్నవారు రాలేకపోతే అధికార పత్రం పంపాలి. ఆ పత్రంలో వాక్యాలు ఎలా ఉన్నాయన్నది చాలా ముఖ్యం. "నా తరఫున హాజరు కావచ్చు" అని రాస్తే సరిపోదు. వారసత్వం స్వీకరిస్తున్నట్లు చెప్పవచ్చా, వదులుకుంటున్నట్లు చెప్పవచ్చా, ఇంకొకరికి ఇస్తున్నట్లు చెప్పవచ్చా అన్నవి విడివిడిగా రాసి ఉండాలి. మా వారి పత్రంలో మూడూ రాయించాము. ఆ మూడో మాట మాకు తరువాత చాలా అక్కరకొచ్చింది.

ఇక పత్రాల సేకరణ. కటస్తర్‌లో అనుభవదారుగా మామగారి పేరు స్పష్టంగానే ఉంది: పదకొండు దునుమ్‌లు. దునుమ్ అంటే వెయ్యి చదరపు మీటర్లు. మన లెక్కలో మొత్తం రెండెకరాల డెబ్బై సెంట్ల పైచిలుకు. అందులో పచ్చిక మైదానం కొంత, ప్లమ్ తోట కొంత, ఏటి పక్కన చిన్న నేల చెక్క, ఇల్లున్న స్థలం. కోర్టులోని భూమి పుస్తకంలో మాత్రం మామగారి పేరు గాని, ఆయన తండ్రి పేరు గాని లేదు. మామగారి తాతగారు, ఆ తాతగారి తమ్ముడు, చెరి సగం యజమానులుగా, ఆస్ట్రియా కాలపు గుమాస్తా దస్తూరీలో రాసి ఉంది. తమ్ముడు ఆ కాలంలోనే తుర్కియేకు (టర్కీకి) వలసపోయాడు. ఆ రోజుల్లో బోస్నియా ముస్లింలు చాలామంది అలా వెళ్ళారు. ఆ తరువాత ఆయన జాడ కుటుంబంలో ఎవరికీ తెలియదు.

తాతగారి సగం మామగారి దాకా ఎలా వచ్చిందో చూపే గొలుసు అంతా అత్తగారి దగ్గర ఒక రేకుపెట్టెలో దొరికింది. యుద్ధంలో ఇల్లు తగలబడినప్పుడు ఆవిడ పిల్లలతో పాటు బయటికి తెచ్చిన కొద్ది వస్తువులలో ఆ పెట్టె ఒకటి. అందులో 1930లనాటి షరియా కోర్టు పత్రం ఒకటి ఉంది. యుగోస్లావియాలో 1946 దాకా ముస్లింల వారసత్వ విషయాలు ఆ కోర్టులే చూసేవి. 1977 నాటి మునిసిపల్ కోర్టు నిర్ణయం ఇంకొకటి ఉంది. రెండింటినీ భూమి పుస్తకంలోకి ఎక్కించే పని మాత్రం ఎవరూ చేయలేదు. పొలం దున్నుకుంటున్నారు, గడ్డి కోసుకుంటున్నారు, పన్ను కడుతున్నారు. పుస్తకంలో పేరు గురించి ఎవరికి కావాలి? మన పల్లెల్లో ముత్తాత పేరున ఉన్న పాసుపుస్తకాలు చూసినదాన్ని కాబట్టి నాకు అది వింతగా తోచలేదు.

తాతగారి మరణం తేదీ కోసం మసీదు దాకా వెళ్ళవలసి వచ్చింది. 1946కు ముందు జననమరణాలు మత సంస్థల పుస్తకాల్లోనే ఉండేవి. బోస్నియాకుల పల్లెల్లో ఇమామ్‌లు ఆ పుస్తకాలు రాసేవారు. పల్లె శ్మశానంలో తలపాగా ఆకారం చెక్కిన పాత సమాధి రాయి మీద హిజ్రీ సంవత్సరం కనిపించింది కాని, రాయి చూపిస్తే కోర్టు ఒప్పుకోదు గదా. పుస్తకంలోని నకలు తీసుకుని, దానితో నమోదు కార్యాలయంలో ధ్రువపత్రం పొందాము. కార్యాలయాల రుసుములన్నీ పోస్టాఫీసులోనో బ్యాంకులోనో చలానా కట్టి, రసీదు దరఖాస్తుకు జతచేయాలి. బోస్నియా మార్కు విలువ యూరోకు 1.95583 చొప్పున స్థిరంగా కట్టి ఉంటుంది కాబట్టి లెక్కలో తికమక లేదు. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. వరుసల్లో నిలబడడం ఎక్కడైనా ఒకటే.

నేల కొలిపించిన రోజు మాత్రం గుర్తుండిపోయేది. సర్వేయరు ఉపగ్రహ పరికరం భుజాన వేసుకుని వచ్చి, మొదట అడిగిన మాట "పైన అడవి అంచుదాకా మీరు ఈమధ్య నడిచారా?" అని. యుద్ధకాలపు మందుపాతరలు ఈ కొండల్లో ఇంకా పూర్తిగా తీసివేయలేదు. పుర్రె బొమ్మ ఉన్న ఎర్రని హెచ్చరిక పలకలు ఈ మునిసిపాలిటీలోనే కొన్నిచోట్ల కనిపిస్తాయి. మా పొలం వరకు ఆ భయం లేదని, బావగారు ఏటా అక్కడిదాకా గడ్డి కోస్తున్నారని చెప్పాక గాని ఆయన పరికరం భుజం నుంచి దించలేదు. పాత పటం 1:6250 నిష్పత్తిలో గీసినది. పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద ఆరు మీటర్ల పావు. కలంతో గీసిన గీత మందమే మూడు మీటర్ల గట్టును మింగేస్తుంది. అందుకే హద్దుల విషయంలో పటం కంటే మనుషుల జ్ఞాపకానికే విలువ ఎక్కువ. పచ్చిక మైదానం తూర్పు గట్టు అవతలి పొలం ఒక క్రోట్ కుటుంబానిది. వాళ్ళు ఇప్పుడు క్రొయేషియాలో ఉంటున్నారు. బావగారు ఫోను చేస్తే, ఆ ఇంటి పెద్దాయన వీడియోలో గట్టును చూస్తూ "ఆ వాల్‌నట్ చెట్టుకు ఎడమ పక్క, రాళ్ళ కుప్ప మధ్య నుంచి" అని దారి చెప్పాడు. 1993లో ఈ రెండు కుటుంబాలూ ఎదురెదురు తుపాకుల వెనుక ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. హద్దు రాయి దొరికింది. దాని మీద నాచు గీకి సర్వేయరు ఎర్ర రంగు వేశాడు. లిఖితపూర్వక సమ్మతి కోసం ఆయనకు కాగితం పంపాము, సంతకం చేసి పంపించాడు.

ఆ సాయంత్రం అత్తగారింట్లో కాఫీకి కూర్చున్నాము. కోన్యిత్స్ పనితనానికి పేరు తెచ్చిన పొట్టి చెక్క బల్ల ఒకటి ఆ ఇంట్లో ఉంది. వాల్‌నట్ చెక్కతో చేసినది, అంచు పొడుగునా ఉలితో తవ్విన నగిషీ, పూరేకుల లోపల సన్నని చుక్కలు దింపిన నేల. రాగి గిన్నెలోని కాఫీని పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తూ, అత్తగారు నన్ను "స్నహో" అని పిలిచారు. కోడలిని అక్కడ అలాగే పిలుస్తారు. "స్నహో, రేపు ఆ నోటరీ నన్ను ఏమడుగుతాడు?" అన్నారు. నేను తెలిసినంత చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆడపిల్లలను కూడా అడుగుతాడా?" అన్నారు. అడుగుతాడని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనకుండా కప్పులో చక్కెర ముక్క ముంచుకున్నారు.

ఇక్కడ చట్టం ఏమంటుందో చెప్పాలి. 1955 నాటి యుగోస్లావ్ వారసత్వ చట్టం కాలం నుంచి కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటా. బోస్నియాలో కోన్యిత్స్ ఉన్న పాలనా భాగాన్ని ఫెడరేషన్ అంటారు; ఇప్పుడు అమలులో ఉన్న ఆ ఫెడరేషన్ చట్టం 2014 నాటిది. అందులోనూ అదే సూత్రం: భార్య, పిల్లలు అందరూ తొలి వరుస వారసులు, వాటాలు సమానం. మా విషయంలో అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఒక్కొక్కరికి ఐదో వంతు. చట్టం అంతే. ఆచారం వేరు. పల్లెల్లో ఆడపిల్లలు తమ వాటాను అన్నదమ్ములకు వదిలివేయడం మామూలు. బోస్నియాకులలోనే కాదు, పొరుగున ఉన్న సెర్బులలో, క్రోట్‌లలో కూడా ఇదే తీరు. వదలని ఆడపిల్ల గురించి ఊళ్ళో ఒక మాట పడుతుంది. రేకుపెట్టెలోని 1977 నిర్ణయంలో, మామగారి అక్కచెల్లెళ్ళు ఇద్దరూ "సోదరునికి అనుకూలంగా" వదులుకున్నట్లు ఒకే వాక్యంలో టైపు చేసి ఉంది.

మన వైపు సంగతి నాకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా వచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు విస్తరించింది. అయినా నా తరంలో పెళ్ళయిన ఎంతమంది ఆడపిల్లలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టలేదు? నేనూ పెట్టాను. పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చామన్నారు, దస్తావేజు రాసే ఆయన కాగితాలు తిప్పుతూ ఎక్కడెక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాడు. నాకు ఇష్టమేనా అని ఎవరైనా అడిగి ఉంటే, ఇష్టమేననే చెప్పి ఉండేదాన్ని. కాని అడిగినవారు లేరు.

నోటరీ గదిలో విచారణ జరిగిన తీరు అందుకే నాకు ప్రత్యేకంగా తోచింది. పొడవాటి బల్లకు ఒక పక్క అత్తగారు, బావగారు, ఇద్దరు ఆడబిడ్డలు, నేను. మరో పక్క నోటరీ, ఆయన చెప్పినది టైపు చేసే అమ్మాయి. ఆయన ముందు ఆస్తి జాబితా చదివారు. తరువాత అత్తగారిని అడిగిన ప్రశ్న మేమెవరమూ ఊహించనిది. యుద్ధం తరువాత మళ్ళీ కట్టిన ఇల్లు భార్యాభర్తలు కాపురంలో ఉండగా సంపాదించినదే కదా, అందులో ఆమె సొంత సగాన్ని ముందు వేరు చేసి, మిగతా సగాన్నే పంపకానికి పెట్టమంటారా అని. అది వారసత్వం కాదనీ, ఆమెదే అయిన భాగమనీ వివరించారు. అత్తగారు "నా ఇల్లు నాదే గదా" అన్నారు, అదేమి ప్రశ్న అన్న ధోరణిలో. నోటరీ ఆ మాటను చట్టం భాషలోకి మార్చి టైపు చేయించారు. ఇల్లు సగం అలా విడిపోయింది. వారసత్వంగా తాతల నుంచి వచ్చిన పొలానికి మాత్రం ఆ నియమం వర్తించదు.

తరువాత పిల్లలను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి అడిగారు. పెద్దాడబిడ్డ స్వీడన్‌లో ఉంటారు. ఆవిడ ముందే సిద్ధం చేసుకుని వచ్చిన మాట చెప్పారు: "నాది అన్నయ్యకు". నోటరీ టైపు చేయించలేదు. కలం కింద పెట్టి, ఇందులో రెండు రకాలు ఉన్నాయని చెప్పారు. వారసత్వాన్నే నిరాకరించడం ఒకటి. అలా చేస్తే తన పేరున మాత్రమే నిరాకరిస్తున్నానని ప్రత్యేకంగా చెప్పకపోతే ఆమె పిల్లల హక్కు కూడా పోతుంది. పైగా నిరాకరించిన వాటా ఫలానా అన్నకే పోవాలని కోరడం కుదరదు. మిగతా వారసులందరికీ పంచబడుతుంది. రెండోది, వాటాను స్వీకరించి, దానిని తోటి వారసునికి ఇవ్వడం. అప్పుడు అది ఒకరి నుంచి ఒకరికి వెళ్ళిన ఆస్తి అవుతుంది. "మీరు ఏది అంటున్నారు?" అని అడిగారు. ఆవిడ కొంతసేపు ఆలోచించి, రెండోదే అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "అయితే ముందు నాది అని రాసి, తరువాత ఇచ్చానని రాస్తారా?" అని అడిగారు. అలాగే రాస్తారని తెలిశాక ఆవిడ ముఖంలో తేలికదనం కనిపించింది. ఇచ్చిన మనిషిగా పత్రంలో పేరుండడం ఆవిడకు కావాలి కాబోలు. 1977 కాగితంలో మేనత్తలకు ఆ గౌరవం దొరకలేదు.

చిన్నాడబిడ్డ కోన్యిత్స్‌లోనే ఉంటారు, బడిలో పని చేస్తారు. ఆవిడ "స్వీకరిస్తున్నాను" అన్నారు. అంతే, ఇంకొక్క మాట చేర్చలేదు. బావగారు ఎదురుగా ఉన్న నీళ్ళ గ్లాసును కొంచెం పక్కకు జరిపారు. అత్తగారు కిటికీ వైపు చూశారు. నోటరీ ఏ మార్పూ లేని గొంతుతో ఆ వాక్యాన్ని టైపు చేయించి, నా వైపు తిరిగారు. మా వారు తన వాటాను అన్నగారికి ఇమ్మని నాకు ముందే చెప్పారు. చివరి దాకా తల్లిదండ్రులను చూసుకున్నది అన్నగారే గనుక, వియన్నాలో ఉన్న తనకు ఆ గడ్డి పొలంతో పని లేదని ఆయన అభిప్రాయం. అదే చెప్పాను. మూడు ఐదో వంతులు బావగారికి, ఒకటి అత్తగారికి, ఒకటి చిన్నాడబిడ్డకు అని లెక్క తేలింది. చిన్నాడబిడ్డ వాటాను విడిగా కొలిచి ఇవ్వాలా, ఉమ్మడిగా ఉంచాలా అన్నప్పుడు ఆవిడ ఏటి పక్కనున్న చెక్క కావాలన్నారు. అది మొత్తం భూమిలో అన్నిటికంటే చదునైన నేల. బావగారు కొంత ఆలోచించి, దారి మాత్రం ట్రాక్టరు పట్టేంత వెడల్పు వదలాలని అడిగారు. మూడు మీటర్లు అని ఒప్పుకున్నారు. ఒప్పందం విచారణ పత్రంలోనే చేర్చారు.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఆ గదిలో జరిగినది పెద్ద విప్లవమేమీ కాదు. ఎక్కువ భాగం చివరికి అన్నగారి పేరుకే చేరింది. కాని ఒక్కొక్క ఆడమనిషినీ అందరి ముందు పేరు పిలిచి, "ఇది మీది, మీరేం చేస్తారు" అని అడిగి, జవాబు వినిపించాక గాని కాగితం ముందుకు కదలని పద్ధతి ఒకటి ఉండడం వల్ల, చిన్నాడబిడ్డకు ఆ ఒక్క మాట అనే చోటు దొరికింది. ఇంట్లో కాఫీ బల్ల దగ్గర ఆవిడ ఆ మాట అనగలిగేవారని నేను అనుకోను. ఆవిడ కూడా తరువాత వంతెన మీదుగా నడిచి వస్తున్నప్పుడు నాతో అదే అన్నారు. బావగారు రెండు మూడు వారాలు ముభావంగా ఉన్నారని, ఆ తరువాత గడ్డి కోత కాలం రాగానే చెల్లెలి చెక్కలోనూ తనే యంత్రం పెట్టారని తెలిసింది.

వారసత్వ నిర్ణయం చేతికి వచ్చాక, అప్పీలు గడువు ముగిసి అది అంతిమమైనదని ముద్ర పడాలి. ఆ తరువాతే భూమి పుస్తకంలోకి వెళుతుంది. తాతగారి పేరున ఉన్న సగంలోకి, రేకుపెట్టెలోని పాత పత్రాలు, ఈ కొత్త నిర్ణయం వరుసగా పెట్టి, ఒక్కొక్క మెట్టుగా పేర్లు ఎక్కించారు. నా చేతికొచ్చిన నకలులో మూడు భాగాలు ఉంటాయి: మొదటిది నేల వివరం, రెండోది యజమానులు, మూడోది అప్పులూ భారాలూ. రెండో భాగంలో పాత పేరు కింద గీత గీసి కొత్త పేర్లు ఉన్నాయి. మూడో భాగం ఖాళీ.

తుర్కియేకు వెళ్ళిన తమ్ముడి సగం మిగిలిపోయింది. దానికి దారులు రెండు ఉన్నాయని మేము కుదుర్చుకున్న న్యాయవాది చెప్పారు. ప్రపంచ బ్యాంకు సాయంతో కోర్టులు పాత భూమి పుస్తకాలను కటస్తర్‌తో సరిపోల్చి కొత్తవి తయారు చేసే కార్యక్రమం ఒకటి ఉంది. మా గ్రామం వంతు వచ్చినప్పుడు బహిరంగ ప్రకటన ఇస్తారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అనుభవదారు పేరు ఎక్కుతుంది. అంతదాకా ఆగలేకపోతే దావా వేయాలి. తమదేనన్న నమ్మకంతో ఇరవై ఏళ్ళు అనుభవించినవారికి యాజమాన్యం వస్తుందని అక్కడి వస్తుహక్కుల చట్టం చెబుతుంది. జాడ తెలియని ప్రతివాది తరఫున కోర్టు తాత్కాలిక ప్రతినిధిని నియమించి, ప్రకటన వేయించి, సాక్షులను విచారిస్తుంది. చిన్నాడబిడ్డ ఎంచుకున్న ఏటి పక్క చెక్క కూడా ఆ ఉమ్మడి సర్వే నంబరులోనిదే కాబట్టి ఆగడం ఇష్టం లేక దావా దారే పట్టాము.

ఆ దావాకు సాక్షులు కావాలి. ఇన్నేళ్ళుగా ఆ నేలను మామగారూ, వారి తండ్రిగారూ తప్ప ఇంకెవరూ దున్నలేదని, ఎవరూ అడ్డు రాలేదని చెప్పగలవాళ్ళు ఉండాలి. మామగారి అక్క ఒకరు పక్క పల్లెలో ఉన్నారు. 1977లో వాటా వదులుకున్న ఇద్దరిలో ఆవిడ ఒకరు. చిన్నాడబిడ్డా నేనూ జాబితా రాసుకోవడానికి ఆవిడ ఇంటికి వెళితే, చీజ్ పెట్టిన పిటా, చల్లటి మజ్జిగ ముందు పెట్టి, తాతగారి కాలం నుంచి ఏ మడిలో ఏ పంట వేశారో, ఏ ఏడు ఏరు పొంగి ఎంత నేల కోసుకుపోయిందో వరుసగా చెప్పుకొచ్చారు. 1977 కాగితం గురించి అడిగితే, "సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అన్నారు. మేనకోడలు తన వాటా తీసుకుందని ఆవిడకు అప్పటికే తెలుసు. దాని మీద మంచీ చెడూ ఏమీ అనలేదు. మేము జాబితా మొదలుపెట్టగానే మాత్రం, తన పేరు అందరికంటే పైన రాయమన్నారు. తన వయసు ఎనభై దాటిందనీ, పిలిచేదేదో మంచు పడకముందే పిలవమని కోర్టువాళ్ళకు చెప్పమనీ.